నాదనగరి విజయనగరం

పాఠ్యభాగ ఉద్దేశం

ఉత్తరాంధ్రలోని విజయనగరం సంగీతానికి, హరికథకు, నాటకానికి, జానపద కళలకు నెలవైన పట్టణం. ఆ పట్టణాన్ని, దాని చుట్టుపక్కల ప్రాంతాలను సందర్శించే యాత్రికునికి కనబడే విశేషాలను, వినబడే సంగీతాన్ని పరిచయం చేయడం, కళలు నిలబడడంలో గురువుకు, పోషకునికి, శ్రోతకు గల పాత్రను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కొన్ని ఊళ్ళు కోటలవల్ల పేరు పొందుతాయి. కొన్ని దేవాలయాలవల్ల, మరికొన్ని వర్తకంవల్ల ప్రసిద్ధి చెందుతాయి. పాటవల్ల పేరు పొందిన ఊళ్ళు మాత్రం ప్రపంచంలో చాలా తక్కువ. అమెరికాలోని నాష్‌విల్ అటువంటి నగరం. అక్కడి పల్లెపదాల బాణీని 'కంట్రీ సంగీతం' అంటారు. 1925లో ప్రారంభమైన 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే రేడియో కార్యక్రమం ఆ బాణీని దేశమంతటా వినిపించింది. గాయకులను ఎదుట చూస్తూ పాట వినాలని నేటికీ ఎందరో ఆ నగరానికి వెళుతుంటారు. తమిళనాట కావేరీ తీరంలోని తిరువైయారుకు త్యాగరాజస్వామి ఆరాధన అటువంటి కీర్తినే తెచ్చిపెట్టింది. తెలుగునాట ఆ గౌరవానికి అన్నివిధాలా అర్హమైన పట్టణం విజయనగరం.

హౌరా, చెన్నై నగరాలను కలిపే రైలుమార్గంలో విశాఖపట్నం దాటి ఉత్తరంగా ప్రయాణిస్తే విజయనగరం వస్తుంది. పట్టణం నడుమ విశాలమైన కోట ఉంది. పూసపాటి వంశీయుడైన విజయరామరాజు 1713లో ఈ కోటకు శంకుస్థాపన చేశాడు. అది విజయనామ సంవత్సరం. శంకుస్థాపన విజయదశమి నాడు, జయవారమని పేరున్న మంగళవారం జరిగిందని, ఇన్ని 'విజయాలు' కలిసిరావడంచేత ఊరికి విజయనగరమనే పేరు స్థిరపడిందని పెద్దలు చెబుతారు. కోటకు చేరువలోనే బొంకులదిబ్బ ఉంది. 'కన్యాశుల్కం' నాటకం చదివినవారికి ఆ పేరు వినగానే గిరీశం గుర్తుకు వస్తాడు. గురజాడ అప్పారావు తన నాటకాన్ని ఆ దిబ్బమీదనే ప్రారంభించాడు. ఆ నాటకం 1892లో ఈ పట్టణంలోనే తొలిసారి ప్రదర్శితమయింది. గంటస్తంభం మీదుగా బజారు వీధులలో నడుస్తూ వెళ్ళే యాత్రికునికి ఇది సామాన్యమైన పట్టణంగానే తోస్తుంది. దాని అసలు స్వరూపం కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది.

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగంలో విజయనగరాన్ని పాలించిన ఆనంద గజపతి విద్వాంసులను ఆదరించడంలో అగ్రగణ్యుడు. ఆయన ఆస్థానంలో కవులు, పండితులు, గాయకులు, వైణికులు ఆశ్రయం పొందారు. ఆ ఆదరణలో వికసించిన మహాప్రతిభ ఆదిభట్ల నారాయణదాసు. ఆయన 1864లో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని అజ్జాడ గ్రామంలో జన్మించాడు. సంస్కృతాంధ్రాలతోపాటు పారశీకం, ఆంగ్లం అభ్యసించి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను మూలభాష నుండి సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి అనువదించిన పండితుడు ఆయన. అయినా ప్రజల హృదయాలలో ఆయన 'హరికథా పితామహుడు'గానే నిలిచాడు.

హరికథ ఒక్కడే నడిపే నాటకం. కథకుడు పట్టుపంచె కట్టి, మెడలో పూలదండ వేసుకొని, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలతో వేదిక మీద నిలబడతాడు. వెనుక మృదంగం, ఫిడేలు ఉంటాయి. ఆయనే పద్యం చదువుతాడు, కీర్తన పాడుతాడు, కథ చెబుతాడు, నర్తిస్తాడు. రుక్మిణి సిగ్గూ ఆయనదే, రుక్మి కోపమూ ఆయనదే. కథ నడుమ ఒక పిట్టకథ చెప్పి శ్రోతలను నవ్వించి, మరుక్షణంలోనే కంటతడి పెట్టించగలడు. నారాయణదాసు తన దేహంలోని వేరువేరు అంగాలతో ఏకకాలంలో అయిదు తాళాలను చూపగల దిట్టగా ప్రసిద్ధుడు. అటువంటి విద్యను గ్రంథాలలో చదివి తెలుసుకోవడం సాధ్యం కాదు. కళ్ళారా చూసి, చెవులారా విన్నవారు మాత్రమే దానిని మరొకరికి చెప్పగలరు. నారాయణదాసు 1945లో కన్నుమూశాడు. ఆయన తీర్చిదిద్దిన హరికథా సంప్రదాయం మాత్రం తెలుగునాట కొనసాగుతూనే ఉంది.

విజయనగర సంగీత చరిత్రలో 1919వ సంవత్సరం మరపురానిది. ఆ ఏడాది విజయరామ గజపతి ఈ పట్టణంలో సంగీత కళాశాలను నెలకొల్పాడు. దాని పుట్టుక వెనుక ఒక కథ ప్రచారంలో ఉంది. ఆస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడు ఉండేవాడు. ఆ బాలునికి సంగీతమంటే ప్రాణం. అతనికి జీవితాధారం కాగల విద్య ఏదైనా నేర్పించాలని తండ్రి ప్రభువును వేడుకొన్నాడు. ఒక బాలునికి గురువును కుదర్చడంతో ప్రభువు సరిపెట్టుకోలేదు. అటువంటి పిల్లలందరికీ ఉపయోగపడేటట్లుగా ఒక కళాశాలనే స్థాపించి, నారాయణదాసును దానికి తొలి అధ్యక్షునిగా నియమించాడు. ఒక తండ్రి ఆవేదన నుండి ఒక మహోన్నత విద్యాసంస్థ ఆవిర్భవించింది.

ఆ కళాశాలలో చేరదలచి విశాఖపట్నం నుండి ఒక యువకుడు వచ్చాడు. అతని పేరు ద్వారం వెంకటస్వామినాయుడు. వయస్సు ఇరవై ఆరేళ్ళు నిండలేదు. చిన్ననాటి నుండి కంటిచూపు మందం. విద్యార్థిగా చేర్చుకొమ్మని వచ్చిన ఆ యువకుని ఫిడేలు విన్న నారాయణదాసు, అతడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని గ్రహించాడు. విద్యార్థిగా రాబోయినవాడు ఆచార్యుడయ్యాడు. ఇతరుల ప్రతిభను గుర్తించి తలవంచగలగడం గురువుకు ఉండవలసిన గొప్ప గుణమని ఈ సంఘటన చాటుతోంది. నాయుడు 1936లో నారాయణదాసు తరువాత కళాశాల అధ్యక్షుడయ్యాడు. గాయకునికి పక్కవాద్యంగానే ఎక్కువగా వినిపించే ఫిడేలుకు తని కచేరీ గౌరవం కల్పించాడు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి 'సంగీత కళానిధి' బిరుదును, 1957లో 'పద్మశ్రీ' పురస్కారాన్ని అందుకొన్నాడు. ప్రజలు మాత్రం ఆయనను ఆప్యాయంగా 'ఫిడేలు నాయుడుగారు' అనే పిలుచుకొన్నారు.

కళాశాల కీర్తి విన్న మరొక బాలుడు కృష్ణా జిల్లా నుండి బయలుదేరాడు. పదకొండేళ్ళ ప్రాయంలోనే తండ్రిని పోగొట్టుకొన్న ఆ బాలుని వద్ద ధనం లేదు. చేతి ఉంగరాన్ని అమ్ముకొని, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు. తీరా చూస్తే అది వేసవి, కళాశాలకు సెలవులు. దిక్కుతోచని ఆ బాలునికి గాత్రాచార్యుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆసరా అయ్యాడు. సాలూరు చిన్నగురువుగా పేరొందిన ఆయన కూడా సంపన్నుడు కాడు. అయినా శిష్యుని నుండి ఏమీ ఆశించక తన ఇంటిలోనే పాఠం చెప్పాడు. శిష్యుడు జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకొంటూ సంగీతాన్ని అభ్యసించాడు. ఆ శిష్యుడే ఘంటసాల వేంకటేశ్వరరావు. తరువాతి కాలంలో మూడు దశాబ్దాలపాటు తెలుగువారి ప్రతి ఇంటా మారుమోగిన కంఠం ఆయనది. ఆ కంఠానికి వెనుక ఒక పేద గురువు పెట్టిన విద్యాభిక్ష ఉంది. చద్దన్నమో, పిడికెడు మెతుకులో జోలెలో వేసి పంపిన విజయనగరం ఇల్లాళ్ళ దయ కూడా ఉంది. ఆ ఇల్లాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

గాయనీమణి పి. సుశీల 1935లో ఈ పట్టణంలోనే జన్మించి, ఈ కళాశాలలోనే సంగీతం అభ్యసించింది. వేలాది చలనచిత్ర గీతాలు పాడి 2008లో 'పద్మభూషణ్' పురస్కారాన్ని పొందింది. స్వాతంత్ర్యానంతరం కళాశాల ప్రభుత్వపరమై, 2019లో నూరేళ్ళు పూర్తి చేసుకొంది. ఇక్కడ గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగం, నాదస్వరం, డోలు, నృత్యం బోధిస్తారు. తరగతులు జరిగే వేళ ప్రాంగణంలో నిలిచిన యాత్రికునికి ఒక గది నుండి సరళీ స్వరాలు, మరొక గది నుండి మృదంగపు జతులు, వేరొక గది నుండి గజ్జెల సవ్వడి వినవస్తాయి. తప్పు పాడిన పిల్లను గురువు ఆపి, అదే స్వరాన్ని మళ్ళీ పాడిస్తాడు. కచేరీలో వినబడే నిర్దోషమైన పాటకంటే, తప్పును దిద్దుకొనే ఈ పాటే ఒక విధంగా ఎక్కువ ఆసక్తికరం. నగరపు సంగీతం రేపటికి మిగులుతుందా లేదా అన్నది ఈ గదులలోనే తేలుతుంది.

విజయనగరం రైల్వే జంక్షన్ నుండి రాయపూర్ వైపు ఒక మార్గం చీలిపోతుంది. ఆ దారిలో బొబ్బిలి ఉంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ సాయంతో విజయనగర ప్రభువు బొబ్బిలిపై దండెత్తిన ఘోరయుద్ధం చరిత్ర ప్రసిద్ధం. నాడు కత్తి దూసుకొన్న ఆ రెండు ఊళ్ళను నేడు వీణ కలుపుతోంది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులైన శిల్పులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగను ఎంచి, బాగా ఆరబెట్టి, కుండ, దండి, తల వేరువేరుగా అతకకుండా ఒకే మానులో తొలుస్తారు. అందుచేత దీనిని 'ఏకాండి వీణ' అంటారు. ఎక్కడా అతుకు లేనందున నాదం నిరాటంకంగా సాగుతుందని వైణికుల విశ్వాసం. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కళాశాలలో మీటే వేళ్ళ వెనుక గొల్లపల్లిలో ఉలి పట్టిన వేళ్ళు ఉన్నాయని ఈ ఊరు చూసినవారికి బోధపడుతుంది.

రాజాస్థానంలో, కళాశాలలో వినిపించినది ఈ నేల సంగీతంలో ఒక పాయ మాత్రమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో ప్రవహించేది రెండవ పాయ. గొర్రెల కాపరులైన యాదవుల కళ 'తప్పెటగుళ్ళు'. కళాకారులు గుండ్రని రేకు తప్పెటను మెడకు తగిలించి, గుండెలమీద ఆనించుకొని, రెండు అరచేతులతో వాయిస్తారు. కాళ్ళ గజ్జెలు తప్పెట దెబ్బకు బదులు పలుకుతాయి. పాట నెమ్మదిగా మొదలై, లయ హెచ్చుతూ, చివరకు ఆటగాళ్ళు ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి గోపురంగా నిలిచినా తాళం తప్పదు. వానలు పడనప్పుడు గంగమ్మను వేడుకొంటూ ఈ ఆట ఆడటం ఆచారం.

'జముకుల కథ' మరొక విశిష్ట కళ. జముకు ఒక చిన్న డోలు వంటి వాద్యం. దాని ఒక వైపు తోలుతో మూసి ఉంటుంది. ఆ తోలు మధ్య నుండి ఒక తంతి వెలుపలికి వస్తుంది. వాద్యకారుడు ఆ తంతిని లాగి పట్టుకొని మీటుతాడు. బిగువు పెంచితే స్వరం పైకి, సడలిస్తే కిందికి వెళుతుంది. మనిషి మూలిగినట్లు, నవ్వినట్లు, ప్రశ్నించినట్లు ధ్వనించే ఆ నాదంతో కథకుడు గ్రామదేవతల మహిమలను, వీరుల గాథలను రాత్రి పొద్దుపోయేదాకా వినిపిస్తాడు. వంతపాటగాళ్ళు ప్రతి చరణాన్నీ అందుకొంటారు. సత్యభామ పాత్ర ప్రధానంగా, మృదంగధ్వనుల నడుమ సాగే 'తూర్పు భాగవతం' కూడా ఈ ప్రాంతపు సొత్తే. ఈ పల్లె బాణీల బలాన్ని గ్రహించి, ప్రజల కష్టసుఖాలను వాటిలో పాడిన కవిగాయకుడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం ప్రాంతంలో 1943లో పుట్టిన ఆయన 2020లో మరణించేవరకు ఉత్తరాంధ్ర యాసనే తన పాటకు ఊపిరిగా నిలుపుకొన్నాడు.

ఈ రెండు పాయలూ ఒక్కచోట కలిసే దినం ఏడాదికొకసారి వస్తుంది. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరుగుతుంది. ముందురోజు జరిగే వేడుకను 'తొలేళ్ళు' అంటారు. ఎత్తయిన మాను కొనపై పూజారి కూర్చొనగా, ఆ సిరిమాను గుడి నుండి కోటవరకు మూడుసార్లు ఊరేగుతుంది. లక్షలాది జనం వీధులలోను, మేడలమీదను నిలిచి దర్శిస్తారు. చుట్టుపక్కల పల్లెల నుండి జనం తరలివస్తారు, వారితోపాటే వారి డప్పులు, సన్నాయిలు, కోలాటాలు, పులివేషాలు వస్తాయి. ఆ వేళ కచేరీకి టిక్కెట్టు లేదు, శ్రోతకు ఆసనం లేదు. నిలబడిన చోటే సభ, విన్నవాడే సభ్యుడు.

రాజులు ఉన్నంతకాలం కళాకారునికి రాజపోషణ ఉండేది. 1948లో వచ్చిన జమీందారీ రద్దు చట్టంతో ఆ వ్యవస్థ ముగిసింది. సామాన్యునికి అది న్యాయమే చేసింది. కాని, కళాకారుని పోషించే భారం ఎవరిదనే ప్రశ్న మిగిలింది. ఆ తరువాత చలనచిత్రాలు, టెలివిజన్, సెల్‌ఫోను వచ్చాయి. ఘంటసాల పాట నేడు జేబులోనే ఉంటుంది. అది వరమే. అయితే జేబులోని పాట శ్రోతను ఎరుగదు. హరికథకుడు ఎదుటివారి ముఖాలు చూసి పిట్టకథను ఎంచుకొంటాడు, జముకు వాద్యకారుడు జనం ఊకొట్టిన తీరును బట్టి తంతిని బిగిస్తాడు. ఊకొట్టేవారు లేకపోతే కథ ఆగిపోతుంది. వృద్ధ కళాకారుడు తన తప్పెటను చూరుకు తగిలించిన నాడు, దానితోపాటు ఏ పుస్తకంలోనూ లేని పాటలు కూడా మూగపోతాయి.

కనుక నేటి కాలంలో కళకు రాజు శ్రోతే. విజయనగరానికి వెళ్ళి కోటగోడలను మాత్రమే చూసి తిరిగివచ్చినవాడు సగం యాత్రే చేసినట్లు. ఒక సాయంకాలం హరికథ ముందు కూర్చొన్నవాడు, పల్లె తిరునాళ్ళలో తప్పెటగుళ్ళ దగ్గర నిలబడి ఊకొట్టినవాడు ఆ యాత్రను పూర్తి చేసుకొంటాడు. జోలెలో పిడికెడు మెతుకులు వేసిన ఆ ఇల్లాళ్ళకు తాము ఎవరిని పోషిస్తున్నదీ తెలియదు. ఎదుట కూర్చొని శ్రద్ధగా వినే శ్రోత చేసేదీ అటువంటి దానమే.

కఠిన పదాలు – అర్థాలు

నెలవు = స్థానం, నివాసం
వైణికుడు = వీణ వాయించేవాడు
పారశీకం = పర్షియా దేశపు భాష
చిడతలు = చేతితో తాళం వేసే కొయ్య వాద్యం
తని కచేరీ = ఒక్క వాద్యానికే ప్రాధాన్యం గల కచేరీ
మధుకరం = విద్యార్థి ఇంటింటికీ వెళ్ళి తెచ్చుకొనే అన్నభిక్ష
తంతి = తీగ
నిరాటంకం = అడ్డులేనిది
తిరునాళ్ళు = గ్రామ ఉత్సవం, జాతర

ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. విజయనగర సంగీత కళాశాల స్థాపన, దాని ఆచార్యుల, శిష్యుల విశేషాలను వివరించండి.
2. ఉత్తరాంధ్ర జానపద కళారూపాలను పాఠం ఆధారంగా పరిచయం చేయండి.
3. 'నేటి కాలంలో కళకు రాజు శ్రోతే' అనే భావాన్ని సమర్థించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ద్వారం వెంకటస్వామినాయుడు కళాశాలలో ఎట్లా ఆచార్యుడయ్యాడు?
2. ఏకాండి వీణ ప్రత్యేకత ఏమిటి?
3. హరికథా ప్రదర్శన ఎట్లా సాగుతుంది?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. విజయనగరం కోటకు శంకుస్థాపన ఎప్పుడు జరిగింది?
2. 'హరికథా పితామహుడు' అని ఎవరికి పేరు?
3. సిరిమాను ఉత్సవం ఏ రోజున జరుగుతుంది?
4. తప్పెటగుళ్ళు ఎవరి కళ?

ఈ) సంధులు
రాజాస్థానం = రాజ + ఆస్థానం – సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం – గుణ సంధి
స్వాతంత్ర్యానంతరం = స్వాతంత్ర్య + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
కష్టసుఖాలు – కష్టమును, సుఖమును – ద్వంద్వ సమాసం
కోటగోడలు – కోట యొక్క గోడలు – షష్ఠీ తత్పురుష సమాసం
రాజపోషణ – రాజు చేత పోషణ – తృతీయా తత్పురుష సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక జానపద కళాకారుని ప్రదర్శనను స్వయంగా చూసి, ఆ కళకు వాడే వాద్యాలను, పాడే కథలను, నేర్పే పద్ధతిని గురించి ఒక నివేదిక తయారు చేయండి.